వీధిబడి తరము

తెలుగునాట చదువు ప్రారంభించుటకు "ఓనమాలు దిద్దుట" యని పేరు. అక్షరాభ్యాసదినమున బియ్యములో బాలునిచేత వ్రాయించు "ఓం నమః శివాయ సిద్ధం నమః" అను వాక్యముయొక్క మొదటి ధ్వనులే యీ పదమునకు మూలము. నేటి బాలుడు పాఠశాలలో "అ ఆ"లతో మొదలిడును. అయినను ఏ పనియందైనను ప్రవేశము లేనివానిని "ఓనమాలు రానివాడు" అనుట లోకము మానలేదు. మాట నిలిచినది, ఆ మాటను నోటినోట నిలిపిన వీధిబడి మాత్రము కొన్ని తరములలో కనుమఱుగైనది. విద్యాశాఖల చరిత్ర వ్రాసినవారు దీనిని పరిపాలనావిషయముగా, అనగా ఎన్ని బడులు మూతపడెను, ఎన్ని క్రొత్తవి తెఱవబడెను అను లెక్కగా చూచిరి. ఇంటిలోపలినుండి చూచినచో విషయము వేఱుగా గానవచ్చును. తాతకు చదువనగా కంఠమున నున్నది. మనుమనికి చదువనగా పుస్తకమున నున్నది. ఈ యొక్క మార్పును వెంబడించి వృద్ధులయెడ గౌరవము, దినముల విభాగము, అయ్యవారికిని గ్రామమునకును గల సంబంధము, తుదకు అంగడిలో బేరమాడు లెక్కయు మాఱినవి.

వీధిబడి యెట్లుండెడిదో తెలిసికొనుటకు 1823వ సంవత్సరపు లేఖ యొకటి ముఖ్యాధారము. చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో జిల్లాకలెక్టరుల నందఱను తమ తమ సీమలలోని బడులనుగూర్చి నివేదికలు పంపవలసినదని కోరెను. వచ్చిన సమాధానములలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెలు 1823 ఆగస్టు 17వ తేదీని వ్రాసినది మిక్కిలి విపులమైనది. ఇతడు పండితలోకమునకు క్రొత్తవాడు గాడు. 1816లో తెలుగువ్యాకరణమును, 1821లో తెలుగునిఘంటువును ప్రకటించినవాడే. 1882లో వేఱుజిల్లాయైన అనంతపురసీమయు నాడు బళ్ళారిలోనే చేరియుండెను. ఆ జిల్లాలో అతడు లెక్కించిన బడులు 533. అందు కన్నడపుబడులు 235, తెలుగుబడులు 226, మహారాష్ట్రము 23, సంస్కృతము 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. చదువుకొనువారు మొత్తము 6,641 మంది.

బాలునికి అయిదేండ్లు నిండగనే అయ్యవారిని, బడిలోని పిల్లలను ఇంటికి బిలిచి, విఘ్నేశ్వరుని చుట్టును గూర్చుండబెట్టి, పూజానంతరమున బాలుని వ్రేలు పట్టుకొని బియ్యములో వ్రాయించెడివారు. అయ్యవారికి యథాశక్తి సంభావన. మఱునాటి యుదయమునుండియే బడి. ఆఱుగంటలకు బడి తెఱవబడును. అందఱికంటె ముందు వచ్చిన బాలుని యరచేతిలో సరస్వతి నామమును వ్రాయుదురు; అది గౌరవచిహ్నము. రెండవవాని చేతిలో సున్న. అనగా వీనికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన వారికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చు. ఈ యాచారమును చూచి నవ్వుట సులభము. కాని గడియారము లేని యూరిలో ఆలస్యమును కొలుచుటకు ఇంతకంటె తిన్నని కొలత యేమున్నది? ఇందు ఆలస్యమనునది గంటకు సంబంధించినది గాదు, తోడివానికి సంబంధించినది. గంట మ్రోగు పాఠశాలలో గంటకు ముందు వచ్చినవా రందఱు సమానులే. మొదటివానికి సరస్వతియు లేదు, చివరివానికి శిక్షయు లేదు. వేకువనే నిద్రలేచుట యను గుణమునకు గల ప్రతిష్ఠ యొక మెట్టు దిగినది.

వ్రాతసాధనములనుగూర్చి క్యాంబెలు చెప్పినది భాషాచరిత్రకారులకు మిక్కిలి పనికివచ్చును. బాలురు మొదట ఇసుకలో వ్రేలితో వ్రాసెడివారు. అటుపై పలక. అది నిజముగా పలకయే. ఇంచుమించు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల కొయ్య. అన్నమును బొగ్గుపొడిని నూఱి పూసినచో వ్రాతకు సిద్ధమగును. రెండవది కడితము: గుడ్డను గంజితో బిఱుసెక్కించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులును కలిపి పూసినది. ఈ రెంటిమీదను తెల్లని బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. ఇంగ్లీషులో వ్రాసిన యా లేఖలో బలపమునకు దేశ్యనామమే కొంచెము రూపుమాఱి కానవచ్చుచున్నది. తరువాతి తరమున నల్లఱాతిపలకలు వచ్చినవి. కొయ్య పోయినను "పలక" యనుపేరు ఱాతికి సంక్రమించినది. కడితమునకు అట్టి యదృష్టము పట్టలేదు. వస్తువుతోడనే పదమును నిఘంటువులలోనికి పోయినది. తాటియాకు, గంటము మఱికొంతకాలము లెక్కలకును గ్రంథములకును నిలిచెను.

ఇంత చౌకయైన సాధనములతో, పెద్దబాలురు చిన్నబాలురకు చెప్పు పద్ధతితో, ఒక్క యయ్యవారు బడి నంతయు నడుపుటను క్యాంబెలు మెచ్చెను. ఇంగ్లండులో దీని ననుకరించుట తగియే యున్నదని వ్రాసెను. ఇది యుత్తముపొగడ్త గాదు. చెన్నపురి ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర శరణాలయమును పాలించిన ఆండ్రూ బెల్లు అను మతాచార్యుడు దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుటను చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టెను. బాలురచేతనే బాలురకు చెప్పించు పద్ధతినిగూర్చి 1797లో లండనులో నొక పుస్తకము ప్రకటించెను. అరుగుమీది పద్ధతి యట్లు సముద్రము దాటి "మద్రాసు పద్ధతి"యను పేర సీమబడులకు చేరెను. ఆ తరువాత స్వదేశమున దానికి నాగరికత చాలదను మాట వినవచ్చెను.

అయితే క్యాంబెలు నిందించినదియు గలదు. పండితులు తప్పక గమనింపవలసిన భాగ మిదియే. బడిలో చదువు పద్యములు వాడుకభాషకు దూరమైన భాషలో నుండుటచేత బాలుడు వందలకొలది పద్యములు తప్పులేక వల్లించును గాని, అర్థ మడిగినచో చిలుకకు తెలిసినంతయే వానికిని దెలియునని యాతని యాక్షేపము. గ్రాంథికవ్యావహారికవాదము ఇరువదవ శతాబ్దమున గిడుగు రామమూర్తిపంతులతో బుట్టినదని తలచువారు కలరు. పాఠశాలలలో ఏ తెలుగు చెప్పవలెనను ప్రశ్న దానికి దాదాపు తొంబదియేండ్లకు ముందే సర్కారు కాగితములకెక్కి యుండినది. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలయుట, 1914లో గురజాడ అప్పారావుగారు తమ యసమ్మతిపత్రమును వ్రాయుట యీ పాతప్రశ్నకు క్రొత్త యుత్తరప్రత్యుత్తరములే.

క్యాంబెలు మాట సత్యమేయైనను సంపూర్ణము గాదు. అర్థము తెలియకుండ నేర్చుట దోషమని నేటి తరమునకు స్వయంసిద్ధముగా తోచును. వీధిబడి తరమువారి మతము వేఱు. అమరము, ఆంధ్రనామసంగ్రహము, సుమతిశతకము, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము — ఇవి బాల్యమున కంఠమున జొనిపినచో వయస్సు వచ్చినపుడు జీవితమే వానికి టీక వ్రాయునని వారి నమ్మకము. విత్తనములు చల్లు దినముననే పంట కోయవలెననుట వారికి దొందరపాటు. పంట పండని పొలములు పెక్కు లుండెననుటయు నిజమే. పదునాలుగు పదునైదేండ్లు బడిలో నున్నవారు కొందఱే. బీదతనముచేత అయిదేండ్లకే బడి విడిచి నాగలి పట్టినవానికి కంఠస్థమైన పద్యము నోటిలోనే నిలిచిపోయెను. టీక వ్రాయు తీరిక జీవితము వానికి కలిగింపలేదు.

వల్లించుటకు కారణము గ్రంథాభావమని యందఱు చెప్పుదురు. తాటియాకు ప్రతి యొకటి వ్రాయుటకు నెలలు పట్టును, వ్రాయువానికి కూలి, చెదపురుగు భయము. గ్రంథము దొరకని చోట గ్రంథము తెలిసిన మనుష్యుడే గ్రంథము. ఈ స్థితిలో వృద్ధుడు ఇంటికి భారము గాడు. తిథి నిర్ణయింపవలెనన్నను, పొలముగట్టు తగవు తీర్పవలెనన్నను, పద్యములో పాఠము సందేహమైనను అతని నడుగవలెను. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష వెలువడెను. 1835లో అచ్చుపై నిర్బంధములు తొలగుటచేత చెన్నపురిలో దేశీయుల ముద్రాలయములు పెరిగెను; వావిళ్లవారి శ్రమచేత కావ్యములు శతకములు కొద్దిధరకు ఇల్లిల్లు చేరెను. పెద్దబాలశిక్షలో తిథులు, వారములు, నక్షత్రములు, కొలతలు, నీతివాక్యములు అన్నియు నొక్కచోట నుండెను. తాతను అడుగుటకు మాఱుగా పుట తిప్పినచో చాలును. తాతయెడ మనుమనికి ప్రేమ తగ్గినదనుట న్యాయము గాదు. అడుగవలసిన యవసరము తగ్గినది. అవసరముతోడి గౌరవమును కేవల గౌరవమును ఒక్కటి గావు. ఈ భేదమును మొదట గుర్తెఱిగినవారు ఆ వృద్ధులే.

ఇచట నొక విచిత్రము. ధారణాశక్తి నిత్యజీవితమున నవసరముగా నుండుట మానుచున్న కాలముననే అది రంగస్థలమున వెలుగొందెను. తిరుపతివేంకటకవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, పంతొమ్మిదవ శతాబ్ది కడపటి దశకమునుండి అష్టావధాన శతావధానములతో సంస్థానములను, పట్టణములను జయించిరి. జనులు విరుగబడి చూచిరి. అవధానము వారికి ముందును గలదు. కాని ప్రతి యింటను పెద్దలు వేలకొలది పద్యములు వల్లించు దేశమున ధారణ యింత యద్భుతముగా దోచియుండునా? ఉప్పు అంగడిలో నున్నంతవఱకు దానిని పళ్లెరములో పెట్టి యెవరును చూపరు.

గురుశిష్యసంబంధము మాఱిన తీరు వేఱొకటి. అయ్యవారికి సర్కారు జీతము లేదు. మన్రో 1826 మార్చి 10వ తేదీ మినిటులో బాలుడొక్కనికి నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల వఱకు ముట్టుననియు, అందఱివలనను నెలకు ఆఱేడు రూపాయలకు మించదనియు, ఇంత తక్కువ రాబడికి యోగ్యులు రారనియు వ్రాసెను. దసరా దినములలో అయ్యవారు బాలురకు రంగురంగుల విల్లులు పట్టించి, పాటలు పాడించుచు ఇంటింటికి దీసికొనిపోవుట యీ రాబడికి పూరకము. గృహస్థుడు అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లములు ఇచ్చెడివాడు. దీనిని యాచనగా క్రొత్తతరమువారు తలచిరి. పాతతరమువారికి అది గ్రామము తన బడిని ఏటేట స్వయముగా చూచుకొను తనిఖీ. పాడిన పాటనుబట్టి పిల్లవాని చదువు వీధివారి కందఱికి తెలిసెడిది. 1854 నాటి వుడ్డు లేఖకు పిమ్మట ధనసహాయపద్ధతి వచ్చెను. సహాయము కోరిన అయ్యవారు హాజరుపట్టీ వ్రాయవలెను, అచ్చుపుస్తకము చెప్పవలెను, పరీక్షాధికారికి బదులు చెప్పవలెను. జీతము స్థిరపడినకొలది వీధికి లోబడుట తగ్గి కచ్చేరికి లోబడుట హెచ్చినది. అయ్యవారికి ఏది మేలో వారే చెప్పవలెను. ఆకలి బాధ తగ్గుట మాత్రము చిన్న మేలు గాదు.

శిక్షల సంగతి దాచవలసిన పనిలేదు. సోమరియైన బాలుని రెండు చేతులను త్రాటితో ఇంటికప్పునకు వ్రేలాడదీయుట, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుట క్యాంబెలు వర్ణించెను. మొదటిది కోదండము, రెండవది గుంజిళ్లు. కోదండము శ్రీరాముని వింటిపేరు. పసిపిల్లవాని చేతులకు అదే పేరు దిగుట భాషలోని క్రూరహాస్యము. దెబ్బలవలననే చదువు వచ్చెనని మురిసిన తాతలు పెక్కుమంది; ఆ దెబ్బలకు బడి మానినవారు తాతలైనను ఆ కథ చెప్పుకొనలేదు గనుక లెక్కకు రారు.

దినముల విభాగము మాఱుటవలన సాహిత్యమునకు కలిగిన నష్టమునకు ఒక్క యుదాహరణ చాలును. పాతచదువులో సెలవు తిథినిబట్టి వచ్చెడిది. అమావాస్య, పౌర్ణమి, పాడ్యమి, అష్టమి అనధ్యయనదినములు. వాల్మీకి సుందరకాండమున హనుమంతుడు సీతాదేవి కృశత్వమును వర్ణించుచు పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చెను. వీధిబడి బాలుడు ఈ యుపమానమును వినగనే నవ్వెడివాడు. వాని కనుభవమైన సంగతి. ఆదివారపు సెలవుతో పెరిగిన బాలునికి ఉపాధ్యాయుడు పాడ్యమి యననేమో, ఆనాడు చదువరాదనుట యేమో, చదివిన విద్య క్షీణించుననుట యేమో మూడు వాక్యములలో చెప్పవలెను; చెప్పు లోపల ఉపమానము చల్లారిపోవును. తరములనడుమ పోయినది ఇట్టి చోటులందే తెలియును.

పాతబడిని మెచ్చువారు ఆ అరుగుక్రింద నిలిచినవారిని మఱువరాదు. బళ్ళారి జిల్లా 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే, మహమ్మదీయబాలురు 243. ఆనాటి నివేదికలనుబట్టి తెలుగుజిల్లాలలో బ్రాహ్మణబాలురు కడపలో నూటికి 24 మంది మొదలు విశాఖపట్టణమున 46 మంది వఱకును, శూద్రులు తదితరులును గుంటూరున 35 మంది మొదలు కడప విశాఖపట్టణములలో 41 మందికి పైగాను ఉండిరి. వీధిబడి ఒక్క వర్ణమువారిదే యను మాట యీ యంకెలకు నిలువదు. కాని అస్పృశ్యులుగా నెంచబడినవారి బిడ్డలకు సామాన్యముగా ఆ యరుగెక్కు వీలే లేదు. వారి తాతలకు పోగొట్టుకొనుటకు వీధిబడి లేదు. వారికి బడియనగా క్రొత్తబడియే.

స్త్రీల కథ యింకను వేఱు. ఊర్మిళాదేవి నిద్రవంటి దీర్ఘమైన పాటలను అక్షరము రాని యమ్మమ్మలు తప్పులేక పాడిరి. వారి ధారణ పురుషులకు తీసిపోదు. బడి మాత్రము దానిని విద్యగా లెక్కింపలేదు. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెఱచి, 1883లో సతీహితబోధినిని వెలువరించిరి. అదే 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు ఏ బడికిని పోక, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనునపుడు ప్రక్కన గూర్చుండి యక్షరములు నేర్చిరి. 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలను ప్రకటించిరి. అమ్మమ్మ పాటను ప్రక్కన గూర్చుండి నేర్చినట్లే మనుమరాలు అక్షరమును ప్రక్కన గూర్చుండి నేర్చినది. నేర్చిన పద్ధతి పాతదే, దానివలన తెఱచుకొన్న ద్వారము క్రొత్తది. అటుపిమ్మటి తరమున పాటలు మఱుగున పడుటయు, వానిని పండితులు వ్రాసికొని ముద్రించుటయు ఒక్కసారే జరిగినవి.

నైజాము రాష్ట్రమున ఈ మార్పు మఱియొక త్రోవను నడచెను. సర్కారు చదువు ఉర్దూలో. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. అందుచేత తెలంగాణమున వీధిబడి యెక్కువకాలము తెలుగునకు ఆశ్రయముగా నిలిచెను. 1901లో హైదరాబాదున నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, దాని పిమ్మటి గ్రంథాలయములును ఆ పనిని అందుకొనెను. కోస్తాజిల్లాలలో పుస్తకము తాతస్థానమును ఆక్రమించెననవచ్చును. తెలంగాణమున అది తాత చేతినుండి తెలుగును అందుకొన్నది.

వీధిబడి తరమునకు కట్టకడపటి గుర్తు లెక్క. పాతిక, పరక, వీసము, కాని — నాలుగవవంతు, ఎనిమిదవవంతు, పదునాఱవవంతు, అఱువదినాలుగవవంతు. వీసపుటెక్కములు వల్లించిన బాలునికి అంగడిలో కాగితము అక్కఱలేదు. రూపాయికి అణాలు పదునాఱు గనుక వీసమనగా అణాయే. నలువది పలముల వీశె, ఎనిమిది వీశెల మణుగు ఈ లెక్కకు లొంగెడివి. 1957 ఏప్రిల్ 1వ తేదీని రూపాయి నూఱు నయాపైసలైనది. మఱి కొన్నియేండ్లకు వీశె పోయి కిలోగ్రాము వచ్చెను. ఆ దినమునాటి వృద్ధునికి చేతిలోని నాణెముకంటె నోటిలోని యెక్కము ముందుగా చెల్లకపోయెను. దశాంశము సులభమనుటకు సందేహము లేదు. సులభమగుటచేతనే మనుమడు తాత లెక్కను నేర్చుకొనలేదు.

పాతకవిలెలలో పాతికలను నిలువుగీతలతోను వీసములను అడ్డగీతలతోను వ్రాసెడివారు: ఒకటి, రెండు, మూడు గీతలు, నాలుగైనచో పై స్థానమునకు పోవును. ఇండ్లలో మిగిలిన కవిలెలను కొన్నిటిని గ్రంథాలయములకు చేర్చిరి, కొన్నిటిని పొయ్యిలో పెట్టిరి. 2008లో ఈ గీతలకు యూనికోడు 5.1వ కూర్పున తెలుగులిపిలో వేఱువేఱుగా స్థానములు కల్పింపబడెను. ఇప్పుడు వానిని ఏ యంత్రముమీదనైనను అచ్చొత్తవచ్చును. చూచినవెంటనే విలువ చెప్పగల మనుష్యులను వెదకవలసియున్నది.